ఫామ్‌హౌస్ సింక్ ఎంపిక: గిన్నెల కొలత నుంచి లీకు పరీక్ష దాకా

అమెరికాలో కిచెన్ రీమోడల్ చేయిస్తున్న మనవాళ్లు ఫోన్ చేస్తే మాటలు క్యాబినెట్ రంగుతో మొదలై సింక్ దగ్గర ఆగుతున్నాయి. "ముందు పలక బయటికి కనబడుతుంది చూడండి, ఆ పెద్ద తెల్ల సింక్. అది మన వంటకి ఆగుతుందా?" అని అడుగుతున్నారు.

ఆగుతుంది. దాన్నే ఫామ్‌హౌస్ సింక్ అంటారు, ఏప్రన్ సింక్ అన్నా అదే. అయితే మామూలు సింక్‌ని చివర్లో కొని తెచ్చి బిగించినట్టు దీన్ని బిగించలేం. క్యాబినెట్, కౌంటర్‌టాప్ రాయి, గోడలోని డ్రెయిన్ పైపు, ఈ మూడూ సింక్‌ని బట్టే కుదరాలి. అందుకే వరస తప్పకూడదు: ముందు గిన్నెలు కొలవాలి, తర్వాత క్యాబినెట్ చూసుకోవాలి, సింక్ కొని ఇంటికి తెప్పించుకోవాలి, అది కళ్లముందు ఉన్నప్పుడే రాయి కోయించాలి. న్యూజెర్సీలో మా ఇంటికి ఈ పని చేయించినప్పుడు చివరి రెండూ తారుమారయ్యాయి. ఆ సంగతి ఏడో మెట్టులో చెప్తాను.

1. ముందు మీ గిన్నెలు కొలవండి

షోరూమ్‌కి వెళ్లకముందే ఇంట్లో ఉన్న పెద్ద సామానంతా కింద పెట్టండి. బిర్యానీ తపేళా, పెద్ద కుక్కర్, ఇడ్లీ పాత్ర, వెట్ గ్రైండర్ గిన్నె, దోసెల పెనం. పెనాన్ని కాడతో సహా, తపేళాని రెండు చెవులతో సహా టేపుతో కొలిచి రాసుకోండి.

33 అంగుళాల సింక్ అంటే అది బయటి కొలత. లోపల దాదాపు 30 నుంచి 31 అంగుళాల వెడల్పు, ముందు నుంచి వెనక్కి 16 నుంచి 18 అంగుళాలు దొరుకుతుంది. అదే సింక్ మధ్యలో గోడ ఉండి రెండు తొట్లుగా వస్తే ఒక్కో తొట్టి 14, 15 అంగుళాలే. పండగకి పులిహోర కలిపిన బేసిన్ అందులో అడుగు ఆన్చదు, పక్కకి వాల్చి తోముకోవాలి.

నా సలహా ఒకే పెద్ద తొట్టి. ఒకవైపు తోమి ఇంకోవైపు కడిగే అలవాటు బలంగా ఉంటే, మధ్య గోడ సగం ఎత్తే ఉండే రకం చూడండి. పెద్ద తపేళా దాని మీదుగా ఆనుతుంది. ఎంగిలి కంచాలకి, వంట గిన్నెలకి చోటు వేరుగా ఉండాల్సిన ఇళ్లల్లో మాత్రం పూర్తి గోడ ఉన్న డబుల్ బౌల్ మేలు, అప్పుడు 36 అంగుళాల సింక్‌కి వెళ్లండి.

ఇక లోతు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. "ఎంత లోతుంటే అన్ని గిన్నెలు పడతాయి" అనుకుని 10 అంగుళాలది కొనేస్తారు. అమెరికాలో కౌంటర్ ఎత్తు సాధారణంగా నేల నుంచి 36 అంగుళాలు. రాయి మందం ఒకటింపావు అంగుళం, సింక్ లోతు 10 తీసేస్తే సింక్ అడుగు నేల నుంచి 25 అంగుళాల దగ్గర ఉంటుంది. ఆరడుగుల మనిషికి అది నడుము వంచే ఎత్తు. ఐదడుగుల మనిషికి నడుము నొప్పి అంతగా ఉండదు కానీ, అంచు మోచేతి దాకా వచ్చి భుజాలు లేపి తోమాల్సి వస్తుంది.

కొనేముందు ఇలా చేసి చూడండి. స్టూల్ మీద అట్టపెట్టెలు పేర్చి 25 అంగుళాల ఎత్తు చేయండి. దాని మీద అడుగంటిన గిన్నె పెట్టి రెండు నిమిషాలు తోముతున్నట్టు నిలబడండి. తర్వాత 27కి పెంచి మళ్లీ చూడండి. ఈ పరీక్ష ఇంట్లో నిజంగా గిన్నెలు తోమేవాళ్లు చేయాలి. ఆరు నెలలకోసారి వచ్చే అమ్మో అత్తగారో సింక్ దగ్గర ఎక్కువసేపు నిలబడతారనుకుంటే వాళ్ల ఎత్తు కూడా లెక్కలో పెట్టండి. మా ఇంట్లో ఆ పరీక్షయ్యాకే 10 వద్దనుకుని 9 అంగుళాల లోతుకి వచ్చాం.

ఈ సింక్‌తో నిజమైన సుఖం ఇంకోటుంది. మామూలు సింక్‌కి ముందు రెండు మూడు అంగుళాల రాయి అంచు ఉంటుంది, దాని మీదుగా వంగాలి. ఇక్కడ ఆ అంచు ఉండదు, పొట్ట సింక్ పలకకి ఆనుతుంది. రోజూ తోమేవాళ్లకి ఆ తేడా వారంలోనే తెలుస్తుంది.

2. క్యాబినెట్ లోపల టేపు పెట్టండి

సింక్ కింద క్యాబినెట్లు ఎక్కువగా 30, 33, 36 అంగుళాల్లో వస్తాయి. లెక్కకి సింక్ కన్నా క్యాబినెట్ 3 అంగుళాలు పెద్దదుండాలి: 30 సింక్‌కి 33 క్యాబినెట్, 33 సింక్‌కి 36. ముందు చెక్క ఫ్రేమ్ ఉండే 36 అంగుళాల క్యాబినెట్‌లో ఓపెనింగ్ దాదాపు 33 అంగుళాలే ఉంటుంది. అందుకే క్యాబినెట్ పేరులో ఉన్న అంకెని నమ్మకుండా లోపలి గోడ నుంచి గోడకి కొలవండి. సింక్ కంపెనీ ఇచ్చే స్పెసిఫికేషన్ కాగితంలో "కనీస క్యాబినెట్ వెడల్పు" ఎంతో చూసుకోండి.

కొత్త క్యాబినెట్లు వేయిస్తుంటే "ఫామ్‌హౌస్ సింక్ బేస్" అని అడిగి ఆర్డర్ చేయండి. దానికి తలుపులు పొట్టిగా, పైన పలక కోయడానికి వీలుగా వస్తాయి.

పాత క్యాబినెట్ ఉంచేస్తుంటే రెండు చూసుకోవాలి. సింక్ ముందు పలక ఎత్తు 9, 10 అంగుళాలుంటే అది డమ్మీ డ్రాయర్ పలకని దాటి తలుపుల మీదికి దిగుతుంది. అంటే తలుపులు కోయించాలి, లేదా కొత్తవి చేయించాలి. పొట్టి పలకతో వచ్చే సింక్ తీసుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది. రెండోది కోత అంచు. కొన్ని సింక్‌ల పలక క్యాబినెట్ ముఖం మీదికి కాస్త కప్పుకుని కూర్చుంటుంది. కోహ్లర్ వైట్‌హేవెన్ అలాంటిదే. వడ్రంగి కోత కొంచెం వంకర పోయినా కనబడదు. పాత క్యాబినెట్ వాళ్లకి నేను ఇలాంటిదే చెప్తాను.

తర్వాత బరువు. 31 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల నిడివి, 9 అంగుళాల లోతున్న తొట్టి నిండితే సుమారు 20 గ్యాలన్ల నీళ్లు పడతాయి. ఆ నీళ్లే 75 కిలోలు దాటుతాయి. 33 అంగుళాల ఫైర్‌క్లే (కాల్చిన మట్టి) సింక్ ఒక్కటే 100 పౌండ్లు, అంటే 45 కిలోలు దాటే బరువు. కాస్ట్ ఐరన్ కూడా బరువైనదే. నానబెట్టిన కుక్కర్లు, గిన్నెలు కలిపితే ఇద్దరు మనుషులు ఎప్పుడూ ఆ క్యాబినెట్ మీద కూర్చున్నట్టు. పార్టికల్ బోర్డు పక్కలకి స్క్రూలు కొట్టి చిన్న చెక్కలు తగిలిస్తే ఆగదు. నేల నుంచి లేచే 2×4 చెక్క కాళ్లు, వాటి మీద అడ్డచెక్కలు లేదా ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలక పెట్టించండి. కింది నేల మెత్తగా ఊగుతుంటే ముందు అది బాగుచేయించాలి.

ఊళ్లో ఇంటికి ఇదే సింక్ వేయిస్తామనే వాళ్లకి ఒక మాట. అక్కడ వంట గట్టు ఎక్కువగా ఇటుక గోడల మీదో, కడప బండల మీదో నిలబడి ఉంటుంది. బరువుకి అది మంచిదే. గ్రానైట్ ముందు అంచు కోసేశాక సింక్‌కి ఇరువైపులా మిగిలే రాయి గాలిలో వేలాడకుండా, రెండు పక్కలా బండ నిలబెట్టించండి. మాడ్యులర్ పెట్టె మీద మాత్రం ఫైర్‌క్లే సింక్ పెట్టించకండి.

3. మెటీరియల్: పసుపు, చింతపండు, గంజి

ఫైర్‌క్లే అంటే మట్టిని, పైన గాజు పూతని కలిపి చాలా ఎక్కువ వేడి మీద కాల్చినది. పూత బాగున్నంతకాలం పసుపు లోపలికి ఇంకదు. కూర గిన్నె రాత్రంతా నానితే పొద్దున పసుపు చార కనబడుతుంది, వంట సోడా ముద్ద పెట్టి పది నిమిషాలాగి రుద్దితే పోతుంది. అసలు చిరాకు పెట్టేవి బూడిదరంగు గీతలు. స్టీలు, అల్యూమినియం గిన్నెలు జరిగినప్పుడు లోహం పూత మీద అంటుకుంటుంది. చూసినవాళ్లు సింక్ గీసుకుపోయిందని టెన్షన్ పడతారు. ఆక్సాలిక్ ఆమ్లం ఉండే బార్ కీపర్స్ ఫ్రెండ్ లాంటి పొడితో తడిగుడ్డ పెట్టి రుద్దితే పోతాయి. ఆ పొడి వాడేటప్పుడు బ్లీచ్ దగ్గరికి కూడా రానివ్వకండి, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

ఫైర్‌క్లేకి పడనిది ఒక్కసారిగా వచ్చే వేడి. చల్లగా ఉన్న సింక్‌లో మరిగే గంజి ఒకేచోట గుమ్మరిస్తే పూతలో సన్నని వెంట్రుక పగుళ్లు రావచ్చు. ముందు చల్లనీళ్ల కుళాయి తిప్పి, అది పారుతుండగా మెల్లగా వార్చండి.

ఎనామెల్ పూసిన కాస్ట్ ఐరన్ మెరుపు చాలా బాగుంటుంది. కానీ రోలు, గ్రైండర్ రాయి లాంటిది జారి పడి పూత లేస్తే కింద ఇనుము బయటపడి తుప్పు మొదలవుతుంది. పెచ్చు లేచిన రోజే ఆరబెట్టి ఎపాక్సీ రిపేర్ కిట్‌తో పూయాలి.

స్టెయిన్‌లెస్ స్టీల్‌కి గేజ్ చూడండి. అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది: 16 గేజ్ దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు, 18 గేజ్ అంతకన్నా పల్చన. 304 గ్రేడ్ అని రాసి ఉండాలి. కింద రబ్బరు ప్యాడ్లు అంటించి ఉంటే నీళ్లు పడే చప్పుడు తగ్గుతుంది. గీతలు తప్పవు, కొన్నాళ్లకి అంతా కలిసిపోతాయి. బ్లీచ్ నానబెట్టకూడదు.

రాతిపొడి, రెజిన్ కలిపి పోసే గ్రానైట్ కాంపోజిట్ ముదురు రంగుల్లో పసుపు కనబడదు, బోరు నీళ్లున్న చోట మాత్రం తెల్లటి ఉప్పు పొర బాగా కనబడుతుంది. రాగి సింక్ మనకి వద్దు. రాగిచెంబుని చింతపండుతో తోముతాం కదా, సింక్‌లోనూ చారు ఒలికిన చోటల్లా అలాగే మెరిసి మచ్చలు మచ్చలుగా తేలుతుంది. పాలరాయి కూడా పులుపుకి కరుగుతుంది.

నా తీర్పు చెప్పమంటే: రోజూ పెద్ద వంట, స్టీల్ పీచు, బరువు గిన్నెలున్న ఇంటికి 16 గేజ్ స్టీల్ ఏప్రన్ సింక్. అడుగున వైర్ గ్రిడ్ వేసి వాడే ఓపిక ఉన్నవాళ్లకి ఫైర్‌క్లే. మేం ఫైర్‌క్లే పెట్టించుకున్నాం, గ్రిడ్ లేకుండా ఒక్కరోజు కూడా వాడలేదు.

4. గోడలో డ్రెయిన్ ఎత్తు

ఇది గోడ తెరిచి ఉన్నప్పుడే చూసుకోవాలి. పాత ఇళ్లల్లో డ్రెయిన్ పైపు నేల నుంచి 18, 20 అంగుళాల ఎత్తులో గోడలోకి వెళ్తుంటుంది. 7 అంగుళాల లోతున్న పాత సింక్‌కి అది చాలు. కొత్త సింక్ అడుగు 25 దగ్గరికి దిగి, దానికి డిస్పోజల్ (సింక్ కింద తిండి తుక్కుని నూరే మోటారు) తగిలిస్తే, డిస్పోజల్ నీళ్లు బయటికొచ్చే మూతి 18 దగ్గరికి చేరుతుంది. గోడలో పైపు అంతకన్నా పైన ఉంటే నీళ్లు ఎక్కవు. ట్రాప్‌లో (సింక్ కింది వంపు గొట్టంలో), డిస్పోజల్‌లో నిలిచిపోయి వాసనొస్తాయి.

ప్లంబర్‌కి సింక్ లోతు, డిస్పోజల్ మోడల్ రెండూ చెప్పి పైపుని 15, 16 అంగుళాలకి దింపించండి. పైపు జరపడానికి చాలా ఊళ్లల్లో పర్మిట్ కావాలి, టౌన్ బిల్డింగ్ ఆఫీసులో ముందే అడగండి.

ఇంకో రెండు చిన్న విషయాలు. ఫైర్‌క్లే అడుగు మందంగా ఉంటుంది కాబట్టి డిస్పోజల్‌కి మామూలు ఫ్లాంజ్ (డ్రెయిన్ రంధ్రంలో కూర్చునే లోహపు చుట్టు) అందదు, పొడుగు ఫ్లాంజ్ విడిగా కొనాలి. డ్రెయిన్ రంధ్రం సింక్ వెనకవైపు ఉన్న మోడల్ దొరికితే తీసుకోండి, కింద ఆర్‌ఓ ఫిల్టర్‌కి చోటు మిగులుతుంది.

5. కుళాయి, రాయిలో రంధ్రాలు

ఈ సింక్‌లకి కుళాయి ఎక్కువగా వెనక రాయి మీద వస్తుంది. కిటికీ గడపకి, టైల్స్‌కి హ్యాండిల్ తగలకుండా వెనక్కి తిరుగుతుందో లేదో కొలవండి. చోటు తక్కువైతే హ్యాండిల్ ముందుకే తిరిగే మోడల్ చూడాలి. నీటి ధార డ్రెయిన్‌కి దగ్గర్లో పడాలి. ముందంచుకి దగ్గరగా పడితే చొక్కా తడుస్తుంది.

రాయి కోసేవాళ్లకి ఇచ్చే రంధ్రాల లిస్టు ఒకేసారి రాయండి:

☐ ప్రధాన కుళాయి
☐ ఆర్‌ఓ కుళాయి
☐ సబ్బు పంపు
☐ డిస్పోజల్ ఎయిర్ స్విచ్ (రాయి మీద నొక్కే బటన్)
☐ డిష్‌వాషర్ ఎయిర్ గ్యాప్, అంటే మురికినీళ్లు డిష్‌వాషర్‌లోకి వెనక్కి రాకుండా ఆపే చిన్న అమరిక (కాలిఫోర్నియాలో తప్పనిసరి)

6. డెలివరీ రోజు

ట్రక్కు అతను సంతకం అడుగుతాడు. పెట్టె విప్పి చూడకుండా పెట్టకండి. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం కదా, ఫైర్‌క్లే సింక్‌ని కూడా అలాగే నాలుగు పక్కలా, అడుగున తట్టండి. ఖంగుమని మోగాలి. ఒకచోట మొద్దుగా పలికితే అక్కడ కంటికి కనబడని పగులు ఉండొచ్చు.

☐ మూలలు, డ్రెయిన్ చుట్టూ టార్చిలైట్ ఏటవాలుగా వేసి చూశారా
☐ పై అంచు మీద తిన్నని స్కేలు పెట్టి ఎత్తుపల్లాలు చూశారా
☐ అసలు వెడల్పు, నిడివి, ముందు పలక ఎత్తు మూడు చోట్ల కొలిచి రాశారా
☐ అనుమానం ఉన్న చోట ఫొటో తీసి, రసీదు మీద రాశారా

అంచులో చిన్న తేడా సందులు పూడ్చే సిలికాన్‌లో కలిసిపోతుంది. అంగుళంలో ఎనిమిదో వంతు దాటి వంపు ఉంటే మార్పించుకోండి.

7. రాయి కొలత: సింక్ కూర్చున్నాకే

ఫైర్‌క్లే కొలిమిలో కాలేటప్పుడు కుంచించుకుంటుంది. ఏ రెండు సింక్‌లూ అచ్చంగా ఒకేలా రావు. కాగితం మీద 33 అని ఉన్నది చేతికొచ్చేసరికి పావు అంగుళం, అంతకన్నా ఎక్కువ కూడా తేడా ఉండొచ్చు.

మా సింక్ డెలివరీ ఆలస్యమైంది. రాయి వాళ్లు "డ్రాయింగ్ చాలు, మాకు అలవాటే" అన్నారు, మేం సరేనన్నాం. సింక్ వచ్చి కూర్చున్నాక ఎడమ పక్కన పావు అంగుళం సందు తేలింది. సిలికాన్ దట్టంగా నింపి వెళ్లిపోయారు. నెల తిరక్కుండా అది నల్లబడి ఊడింది. ప్రతి రాత్రీ కౌంటర్ తుడిచేటప్పుడు ఆ సందులో నాలుగు ఆవాలు, ఒక కరివేపాకు రెబ్బ కనబడేవి. టూత్‌పిక్‌తో తీసేదాన్ని. కింద చెక్క తడిసి ఉబ్బడం మొదలయ్యాక ఆ ముక్క రాయి మళ్లీ కొత్తగా కోయించక తప్పలేదు, దాని డబ్బులు మేమే కట్టుకున్నాం.

కాబట్టి సింక్ తన చెక్క ఆసరా మీద, తన ఎత్తులో, లెవెల్‌గా కూర్చున్నాకే టెంప్లేట్ (రాయి కోతకి కొలత అచ్చు) తీయనివ్వండి. టెంప్లేట్ నుంచి రాయి బిగింపుకి మధ్య సాధారణంగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజులకి బాత్రూమ్‌లోనో, బేస్‌మెంట్‌లోనో గిన్నెలు తోముకునే ఏర్పాటు ముందే చూసుకోండి.

అప్పుడే రాయి అంచు ఎక్కడ ఆగాలో చెప్పాలి. సింక్ గోడ మీదికి కాస్త వేలాడితే రాయి కింద మూలలో జిడ్డు చేరుతుంది. సింక్ అంచు కొంచెం బయటికి కనబడేలా ఆగితే తుడవడం తేలిక, కానీ ఆ అంచు మీద నీళ్లు నిలుస్తాయి. గోడతో సమానంగా ఆపడం చూడ్డానికి బాగుంటుంది గానీ ఫైర్‌క్లే గోడ పూర్తి నిటారుగా ఉండదు. నేను పక్కల, వెనక ఎనిమిదో వంతు అంగుళం వేలాడేలా చెప్తాను. బరువు గిన్నె ఎత్తేటప్పుడు తగిలే దెబ్బ సింక్ పూతకి కాకుండా రాయికి తగులుతుంది.

8. బిగింపు వరస

☐ ఆసరా చెక్కల మీద లెవెల్ పెట్టి, అటూ ఇటూ, ముందూ వెనకా సరిచూడాలి
☐ ముందు పలక క్యాబినెట్ ముఖం కన్నా కాస్త ముందుకి ఉండాలి, లేకపోతే కారిన నీళ్లు నేరుగా తలుపుల మీదికి వస్తాయి
☐ కోసిన చెక్క అంచులన్నిటికీ పాలియురెథేన్ పూత వేయాలి
☐ రాయి దించేముందు సింక్ పై అంచు మీద తెగకుండా సిలికాన్ గీత
☐ కుళాయి, డ్రెయిన్, డిస్పోజల్
☐ సిలికాన్ ఆరడానికి 24 గంటలు, అప్పటిదాకా నీళ్లు వాడకూడదు

ఫైర్‌క్లే డ్రెయిన్ నట్టుని రెంచితో బలంగా తిప్పనివ్వకండి. చేత్తో బిగించి, పైన పావు చుట్టు చాలు.

9. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మందు

*డిష్‌వాషర్ నీళ్లు బయటికి పోవడం లేదు.* కొత్త డిస్పోజల్ పక్క గొట్టంలో ఒక ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. డిష్‌వాషర్ పైపు తగిలించేముందు దాన్ని స్క్రూడ్రైవర్‌తో కొట్టి తీయాలి. మర్చిపోయారేమో చూడండి.

*నీళ్లు సింక్‌లో ఒక మూల నిలుస్తున్నాయి.* సింక్ లెవెల్ తప్పి, డ్రెయిన్ వైపు వాలకుండా కూర్చుంది. రాయి ఇంకా బిగించకపోతే కింద షిమ్‌లు (పల్చటి చెక్క చీలికలు) పెట్టి సరిచేయొచ్చు. బిగించేశాక మాత్రం ఒక రబ్బరు వైపర్ పక్కన పెట్టుకుని రాత్రిపూట లాగేయడమే.

*గ్రిడ్ కాళ్లు పూత మీద నల్ల మచ్చలు వేస్తున్నాయి.* రబ్బరు బూట్లు అరిగాయి. కొత్తవి విడిగా దొరుకుతాయి.

*తలుపుల పైభాగం ఉబ్బుతోంది.* ముందు పలకకి, క్యాబినెట్‌కి మధ్య సిలికాన్ ఎక్కడో తెగింది. పాతది బ్లేడుతో పూర్తిగా గీకి, ఆల్కహాల్‌తో తుడిచి, ఒకరోజు ఎండనిచ్చి కొత్త గీత వేయండి. పాతదాని మీదే వేస్తే అంటుకోదు.

10. లీకు పరీక్ష

కాంట్రాక్టర్‌కి చివరి చెక్కు ఇచ్చేముందు, అతను ఎదురుగా ఉండగా సింక్ నిండా నీళ్లు పట్టండి. పావుగంట అలాగే ఉంచి, మూత తీసి ఒక్కసారిగా వదలండి. ఆ నీళ్లు పోతుండగానే కింద కూర్చుని ప్రతి జాయింటునీ పొడి టిష్యూతో చుట్టి చూడండి. కంటికి కనబడని చెమ్మ టిష్యూకి తెలుస్తుంది. తర్వాత డిస్పోజల్ ఆన్ చేసి, డిష్‌వాషర్ ఒక చిన్న సైకిల్ తిప్పి, మళ్లీ టిష్యూ పెట్టండి.

ఆ రాత్రి క్యాబినెట్ అడుగున పాత న్యూస్‌పేపర్ పరిచి, దాని మీద సామాను ఏమీ పెట్టకుండా వదిలేయండి. వారం రోజులు పొద్దున్నే తలుపు తీసి చూడండి. కాగితం మీద చిన్న తడి మచ్చ కనబడినా దాని చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఫొటో తీసి, అదే రోజు ప్లంబర్‌ని పిలవండి.